దక్షిణ ముందు, విద్య తర్వాత

పోచంపల్లి చీర కొనేటప్పుడు తెలిసినవాళ్లు ముందు దాన్ని తిరగేసి చూస్తారు. మగ్గం మీద నేసిన ఇక్కత్ అయితే పువ్వు రెండు వైపులా ఒకేలా పలుకుతుంది; అచ్చు వేసిన గుడ్డ అయితే వెనకవైపు వెలవెలబోతుంది. ఆ చీరలు నేసి అమ్ముకునే మనిషి ఫోన్లోకి ఇప్పుడు ఒక ప్రకటన వస్తోంది: హైదరాబాద్‌లో రెండు రోజుల ఇంటర్నెట్ మార్కెటింగ్ సదస్సు, ఇన్‌స్టాగ్రామ్‌లో సరుకు అమ్మే కిటుకులన్నీ చెప్తాం, ఈ రాత్రి పన్నెండు లోపు కడితే సగం ధరే. ఈ సరుకును తిరగేసి చూద్దామంటే దీనికి వెనకవైపు లేదు. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్ల దూరం, బస్సు చార్జీ పెద్ద లెక్క కాదు. టికెట్టు, దాని మీద 18 శాతం జీఎస్టీ, రాత్రి బస, రెండు రోజులు మగ్గం ఆగినందుకు పోయే ఆదాయం కలిపితే అసలు ఖర్చెంతో తేలిపోతుంది. తేలనిది రెండో పక్క లెక్క. ఇంకా నేర్చుకోని విద్య ఎంత విలువైనదో నేర్చుకోకముందే ఎట్లా తెలుస్తుంది? వ్యాపారం వేషంలో వచ్చినా ఇది తత్వశాస్త్రంలో బాగా నలిగిన ప్రశ్న.

అమెరికా ఆర్థికవేత్త కెనెత్ ఆరో 1962లో దీన్ని సూటిగా చెప్పాడు. సమాచారం విలువ కొనేవాడికి తెలియాలంటే ముందు అది చేతికి రావాలి, చేతికి వచ్చాక ఇంక కొనాల్సిన పని లేదు. మన స్మృతులు ఈ చిక్కును తప్పించుకున్న తీరు వేరు. దక్షిణ చదువు ముగిశాక ఇచ్చేది. ముందుగా జీతం మాట్లాడుకుని వేదం చెప్పేవాడిని మనుస్మృతి తప్పుపట్టింది. అందులోని మంచిచెడ్డల సంగతి తర్వాత చూద్దాం గానీ, ఆ ఏర్పాటులో నష్టభయం గురువుది. విద్య పనికిరానిదైతే శిష్యుడు పోగొట్టుకునేది కాలమే, డబ్బు కాదు. సదస్సు ఈ వరసను తలకిందులు చేసింది, దక్షిణ ముందు, విద్య తర్వాత. నచ్చకపోతే డబ్బు వాపస్ అనే హామీ ఈ లోటు పూడ్చేదే, కాకపోతే షరతులన్నీ చదివాక కూడా అది హామీగా మిగలాలి. పైగా ఇంకో చిక్కుంది. కొన్ని సరుకుల మంచిచెడ్డలు వాడాక కూడా తెలియవని డార్బీ, కార్నీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1973లో రాశారు. సదస్సు అలాంటిదే. ఆగస్టులో వెళ్లొచ్చారు, దసరాకు అమ్మకాలు పెరిగాయి. పెంచింది సదస్సా, బతుకమ్మ పండుగా, పెళ్లి ముహూర్తాలా? మూడూ ఒకేసారి వచ్చినప్పుడు ఫలానాదే కారణమని ఎవరు తేల్చగలరు?

ఈ నేలకు ఈ సమస్య కొత్తదేం కాదు. నల్లగొండ రైతు బోరు వేయించే ముందు నీళ్లు చూసే మనిషిని పిలుస్తాడు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకునో, వేప పుల్ల పట్టుకునో చేనంతా తిరిగి, ఒకచోట ఆగి ఇక్కడ వెయ్యమంటాడు. నీళ్లు పడితే ఆయన పేరు ఊరూరా పాకుతుంది. పడకపోతే రాయి అడ్డమొచ్చిందనో, ఇంకో వంద అడుగులు దింపాల్సిందనో అంటారు. రెండు సందర్భాల్లోనూ ఆయన ఫీజు ఆయనకు ముడుతుంది. ఈ జిల్లాలోని ముషంపల్లిలో మనుషుల కంటే బోర్లే ఎక్కువని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు, ఎండిపోయిన ప్రతి బోరు వెనకా అప్పుంది, చాలా వాటి వెనక ఎవరో ఒకరు చూపించిన జాగా ఉంది. సదస్సు వేదిక మీద వరసగా వచ్చి తమ గెలుపు కథలు చెప్పేవాళ్లు నీళ్లు పడ్డ బోర్లే. వాళ్లు అబద్ధం చెప్తున్నారని నేననడం లేదు, వాళ్ల కథ నిజమే కావచ్చు. తుపాను నుంచి బతికి బయటపడి దేవుడికి మొక్కు చెల్లించినవాళ్ల బొమ్మలను గుడిలో చూపించి, ఇప్పటికైనా నమ్ముతావా అని అడిగితే, మునిగిపోయినవాళ్ల బొమ్మలు ఎక్కడున్నాయని డయాగరస్ అనే గ్రీకు నాస్తికుడు ఎదురడిగాడట. రోమన్ రచయిత సిసిరో చెప్పిన ఈ కథ జరిగి రెండు వేల ఏళ్లు దాటినా వేదికల మీద ఆ రెండో రకం బొమ్మలు పెట్టినవాడు లేడు.

గెలుపు కథలు సాక్ష్యం కాకపోతే మరేది సాక్ష్యం? ఇక్కడ మన న్యాయదర్శనం వాళ్లు, నైయాయికులు, పనికొస్తారు. ఇంకొకరి మాటను ప్రమాణంగా తీసుకోవచ్చునని ఒప్పుకున్నవాళ్లు వాళ్లు. కాకపోతే ఆ మనిషి ఆప్తుడై ఉండాలన్నారు: విషయాన్ని స్వయంగా ఎరిగినవాడు, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలనే కోరిక ఉన్నవాడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఈ లక్షణాన్ని ఋషులతో ఆపలేదు, మ్లేచ్ఛుల దాకా అందరికీ వర్తింపజేశాడు. ఇందులో మొదటి సగం పరీక్షించడం తేలికే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్నే తీసుకోండి. నేతింటి ఆడవాళ్లు ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి ఆడించి పోసే ఆసును యంత్రం పోస్తుంటే కళ్లముందే కనిపిస్తుంది. 2017లో వచ్చిన పద్మశ్రీని చూసి దాన్ని నమ్మాల్సిన పని లేదు. మార్కెటింగ్ తెలిసినవాడు కూడా తన ప్రకటనల ఖాతాను తెర మీద తెరిచి, ఏ ప్రకటనకు ఎంత పెట్టాడో, ఏది మునిగిందో చూపించగలడు. చిక్కంతా రెండో సగంలో ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఆయనకు నష్టమా, లాభమా? చీరలు అమ్మి బతికే మనిషి చీరలు అమ్మడం గురించి చెప్తే, ఆ మాట ఎవరూ నమ్మకపోయినా ఆయన సంపాదన ఆగదు కాబట్టి అబద్ధమాడాల్సిన అగత్యం లేదు. చీరలు ఎట్లా అమ్మాలో చెప్పడమే జీవనమైన మనిషికి శ్రోతలో ఆశ పుట్టించడమే సరుకు. సదస్సుకు డబ్బు కట్టవచ్చా లేదా అన్నది, నా ఉద్దేశంలో, వక్త ఎంత సంపాదించాడన్న దాని మీద ఆధారపడదు. ఆ సంపాదన ఎక్కణ్నుంచి వచ్చింది, చెప్పిన మాట తప్పయితే ఆయన పోగొట్టుకునేది ఏమిటి అన్న వాటి మీద ఆధారపడుతుంది. డబ్బు తీసుకుని ఒక సరుకును పొగిడేవాళ్లు ఆ సంగతి బయటికి చెప్పి తీరాలని 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. వాటి వెనకున్నది కూడా ఈ అనుమానమే.

రెండో సగానికి ఇంకో గుర్తు బౌద్ధంలో ఉంది. లోపలివాళ్లకు ఒకటి, బయటివాళ్లకు ఒకటి అని తేడా పెట్టకుండా ధర్మం చెప్పాననీ, పిడికిట్లో ఏదీ దాచుకోలేదనీ బుద్ధుడు చివరి రోజుల్లో శిష్యుడు ఆనందుడితో అన్నట్టు మహాపరినిర్వాణ సూత్రం చెప్తుంది. తొంభై తొమ్మిది రూపాయల వెబినార్‌లో అసలు రహస్యం సదస్సులో అంటారు, సదస్సుకు వెళ్తే అసలు రహస్యం లక్ష రూపాయల ప్రత్యేక బృందంలో అంటారు. ఆ పిడికిలి ఎప్పటికీ విప్పుకోదు, అందులో ఏమీ లేదు గనుక.

ఆప్తుడి మాటే ప్రమాణమన్న ఈ కొలతకు గట్టి ఆక్షేపణ కృష్ణా నది అవతలి గట్టు పేరుతోనే వస్తుంది. నాగార్జునకొండకు బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుడితో ముడి సంప్రదాయం చెప్పేదే తప్ప శాసనాల్లో దొరికేది కాదు. ఆయన వాదం మాత్రం చేతిలో ఉంది. విగ్రహవ్యావర్తని అనే గ్రంథంలో ఆయన నైయాయికులను నిలదీశాడు: వస్తువులను ప్రమాణాలు రుజువు చేస్తాయి సరే, ప్రమాణాలను రుజువు చేసేదేది? ఇంకో ప్రమాణమంటే దానికింకోటి కావాలి, ఆ వరసకు అంతు లేదు. దీపం తనను తాను చూపించుకుంటుందన్న జవాబును కూడా ఆయన ఒప్పుకోలేదు. మన ప్రశ్నకు తెస్తే: వక్త ఆప్తుడో కాదో తేల్చేదెవరు? రేటింగులా? వాటిని రాసినవాళ్లు ఆప్తులని ఎవరు చెప్పారు? కొందరు వక్తలు ఈ అగాధాన్నే వాడుకుని, నమ్మితేనే ఫలితం, అనుమానించేవాడు ఎదగడు అంటారు. అయితే నాగార్జునుడు వ్యవహారాన్ని కాదనలేదు. చివరి పునాది దొరకదన్నాడే గానీ అడుగు వేయొద్దనలేదు. నైయాయికులు కూడా తెలివి నిజమో కాదో చివరికి పని నెరవేరడంలో చూడమన్నారు. ఎదురెదురు పక్షాల నుంచి వచ్చినా ఇద్దరి మాటా ఈ విషయంలో ఒక దారిలోనే పడుతుంది. పునాది వెతుక్కుంటూ కూర్చోకుండా, పోయినా తట్టుకోగల చిన్న పని ముందు చేసి చూడాలి. గూగుల్, మెటా సంస్థలు ప్రకటనల పాఠాలను ఉచితంగానే పెట్టాయి. అవి చదివి, ఐదారు వందలు పెట్టి ఒక ప్రకటన వేసి చూసిన మనిషికి ఒక ప్రశ్న పుడుతుంది: ప్రకటన మీద ఇంతమంది నొక్కినా, ధర అడిగినవాళ్లు మళ్లీ ఎందుకు మాట్లాడటం లేదు? అప్పుడు సదస్సు కార్యక్రమాల పట్టీలో దానికి జవాబు ఉందో లేదో వెతకవచ్చు. ఆరో చెప్పిన చిక్కు కూడా సగం విడిపోతుంది, ఎందుకంటే ఏం తెలియదో తెలిసినవాడు పూర్తి అజ్ఞాని కాడు.

పాఠాల కోసం కాదు, పరిచయాల కోసం వెళ్తామనేవాళ్లున్నారు. సరే, అప్పుడు చూడాల్సింది వేదిక వైపు కాదు, కుర్చీల వైపు. డబ్బు కడితేనే శ్రద్ధ వస్తుందన్నది ఇంకో మాట. అది కొంత నిజమే, కాకపోతే కట్టిన డబ్బు వృథా కాకూడదన్న ఆ శ్రద్ధే రెండో టికెట్టు కొనిపిస్తుంది.

అసలు బరువైన అభ్యంతరం వేరే ఉంది. దక్షిణ చివర్లో తీసుకున్న ఆ గురుకులం తలుపు ఎవరికి తెరుచుకుంది? ద్రోణుడు ఏకలవ్యుడికి పాఠం చెప్పలేదు, చెప్పని పాఠానికి బొటనవేలు దక్షిణగా తీసుకున్నాడు. సదస్సు కులం అడగదు, ఇంగ్లిషు మీడియమా అని అడగదు, డబ్బు ఒక్కటే అడుగుతుంది. వలస కూలీల జిల్లాగా పేరుపడ్డ పాలమూరులో ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన కుర్రాడికి అది అవమానం లేని తలుపు. పైనుంచి చూసి ఇదంతా మోసమని కొట్టిపారేసే చదువరుల గొంతులో ఆ పాత గురుకులం అహంకారం కొంత లేకపోలేదు. నేనిది ఒప్పుకుంటాను. కానీ తలుపు తెరిచి ఉండటం వేరు, లోపల పాఠం ఉండటం వేరు. ఏకలవ్యుడికి జరిగిన అన్యాయంలో ప్రవేశం దొరకకపోవడం ఒక సగమే, అందని విద్యకు మూల్యం చెల్లించడం రెండో సగం. అందరికీ టికెట్టు అమ్మి ఆ రెండో అన్యాయాన్ని అందరికీ పంచడం సమానత్వం అనిపించుకోదు.

తలుపు తెరవడానికి ఇంకో పద్ధతి ఆ కృష్ణా నది ఒడ్డునే నడిచింది. మూడో శతాబ్దంలో నాగార్జునకొండ మహాచైత్యాన్ని కట్టించింది ఇక్ష్వాకు రాజు సోదరి చాంతిసిరి. సింహళ భిక్షువుల కోసం నిర్మాణాలు చేయించింది బోధిసిరి అనే ఉపాసిక. శాసనాల్లో వాళ్ల పేర్లు నిలిచి ఉన్నాయి. ఖర్చు దాతది, వినడానికి వచ్చినవాడిది కాదు. ఇవాళ అలాంటి దాతలు లేకపోయినా పోచంపల్లి, గద్వాల, నారాయణపేటల్లో మగ్గాలున్నాయి, నేతగాళ్లు కలిసి నడుపుకునే సంఘాలున్నాయి. ముప్పై మంది విడివిడిగా టికెట్టు కొనే బదులు సంఘం ఖర్చు మీద ఇద్దరిని పంపవచ్చు. అందులో ఒకరు ఇదివరకే ఆన్‌లైన్‌లో అమ్మి దెబ్బతిన్న మనిషి అయితే మరీ మంచిది, అడగాల్సిన ప్రశ్న ఆయన దగ్గరే ఉంటుంది. తిరిగొచ్చాక ఆ ఇద్దరూ సంఘం గదిలో ఫోను తెరకు తగిలించి, సంఘం చీర ఒకటి పెట్టి, అందరి ముందూ ప్రకటన తయారుచేసి చూపించాలి. మూడు నెలల తర్వాత, పండుగ సీజను పోయాక, ఆ పద్ధతిలో అమ్మిన చీరలనూ, అదే నెలల్లో పాత పద్ధతిలో పోయిన చీరలనూ పక్కపక్కన రాసుకోవాలి. వచ్చే ఏడు ఆ సదస్సువాళ్లు ఫోను చేసినప్పుడు సంఘం అధ్యక్షుడు ఆ కాగితం చూసి మాట్లాడతాడు.