పైకి కనబడని బీట

నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకు చేరి, తొట్లలో నాని, ఆవిరిలో ఉడికి, డ్రయ్యరులో ఆరి, ఉప్పుడు బియ్యమై లారీలెక్కుట మనకు తెలిసినదే. ఆరబెట్టునప్పుడు వేడి మితిమీరినచో గింజ లోలోపల బీటలు వారును. ఆ బీట పైకి కనబడదు. మరపట్టిన పిదప నూకయై బయటపడును.

రాత్రి డ్యూటీలో ఒకడు కునుకు తీసి, ఆ వేడి తగ్గించుట మరచినాడనుకొందము. "తప్పు చేసితిని" అనుకొన్నవాడు తెల్లవారకముందే మేస్త్రీకి చెప్పి, ఆ వడ్లను వేరు చేయించును. "నేనే పనికిమాలినవాడను" అని కుంగినవాడు వాటిని మంచి వడ్లలో కలిపివేయును. మొదటిది పశ్చాత్తాపము, రెండవది సిగ్గు. పశ్చాత్తాపము చేసిన పనిని చూచును, సిగ్గు తన్నుతానే చూచుకొని ముడుచుకొనును. అమెరికా మనస్తత్వవేత్త హెలెన్ బ్లాక్ లూయిస్ 1971లో ఒక గ్రంథమున ఈ భేదమునే విశదీకరించిరి.

ఆ సిగ్గు ఎక్కడినుండి వచ్చినది? చాలవరకు, పదిమందిలో నిలబెట్టి తిట్టిన నోళ్లనుండియే. సూర్యాపేట దుకాణమైనను, కోదాడ కార్యాలయమైనను ఇదే తంతు. తిట్లు తిన్నవాడు ఆ పూట చకచక కదలును. యజమాని మురియును, పాపము! మరునాటినుండి తప్పులు కనబడవు. తగ్గినందున కాదు, దాచుట నేర్చినందున.

యజమానులారా, ఈ ఉదయము ఎవరినైనను మందలింపవలసి వచ్చినచో, పక్కకు పిలిచి, ముందుగా ఏమి జరిగినదో అడుగుడు.