దొరికింది మనదేనా?

(ద్వితీయోపదేశకాండము 22:1-3, తోబీతు 2:11-14, లూకా 16:10)



గత వేసవిలో మా విచారణకు చెందిన ఒక పెద్దమ్మగారు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో కొడుకు ఇంట ఆరు నెలలు ఉండి తిరిగివచ్చారు. వచ్చిన ఆదివారమే దివ్యబలిపూజ ముగిశాక నా గదికి వచ్చి, ఒక పాత మేజోడు నిండా ఏవో గుండ్రటివి తెచ్చి బల్లమీద పెట్టారు. "ఫాదర్‌గారూ, మన సత్యోపదేశం పిల్లలు ఆడుకుంటారని తెచ్చాను. మా మనవడు తొమ్మిదేళ్లవాడు, వాడే ఏరి ఇచ్చాడు" అన్నారు. విప్పి చూస్తే పదకొండు గోల్ఫ్ బంతులు. నేను సంతోషంగా అందుకున్నాను. ఆమె వెళ్లాక ఒక బంతిని తీసి చూశాను. దాని చుట్టూ ఎర్రటి గీత ఉంది. గీత పక్కన ఇంగ్లీషులో 'ప్రాక్టీస్' అని అచ్చువేసి ఉంది. అటువంటివి మొత్తం ఎనిమిది. రెండింటిమీద కంపెనీ పేరు తప్ప ఏమీ లేదు. చివరిదానిమీద ఎవరో ఆకుపచ్చ సిరాతో మూడు చుక్కలు, రెండు అక్షరాలు రాసుకున్నారు.

గోల్ఫ్ ఆట మనలో చాలామంది దగ్గరనుండి చూడనిది. హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన, విశాఖపట్నంలో ముడసర్లోవ దగ్గర మైదానాలు ఉన్నా, అవి మన దారిలో పడవు. అందుకని ఒక మాట చెప్పాలి. ఆట నేర్చుకునేవారికి, చేయి సవరించుకునేవారికి వేరుగా ఒక సాధన మైదానం ఉంటుంది. అక్కడ డబ్బు కడితే ఒక బుట్టెడు బంతులు ఇస్తారు. ఆ డబ్బు బంతుల ఖరీదు కాదు, వాటిని కొట్టుకోవడానికి ఇచ్చే అద్దె. కొట్టిన బంతులు గడ్డిలో పడి ఉంటాయి. తరువాత పనివారు బోను కట్టిన చిన్న బండి మీద తిరుగుతూ వాటిని ఏరి, కడిగి, మళ్లీ బుట్టల్లో పోస్తారు. తమ బంతులని తెలియడానికే వాటిమీద గీత వేస్తారు. అక్కడి మర్యాద కూడా ఇదే: కొట్టే గీత దాటి ముందుకు వెళ్లి బంతులు ఏరకూడదు, ఎందుకంటే అది ప్రాణానికే ప్రమాదం, గీత ఉన్న బంతిని బయటకు తీసుకుపోకూడదు, దారిలోనో కంచె పక్కనో దొరికితే మైదానంలోకి వేయాలి, లేదా కౌంటరులో ఇవ్వాలి.

ఇది తెలిసిన తరువాత ఆ మేజోడును నేను అలమారులో పెట్టి వారం రోజులు ముట్టలేదు. పిల్లలకు పంచడానికి మనసు రాలేదు. ఆ తల్లిని అడగడానికి నోరు రాలేదు. ప్రేమతో సముద్రాలు దాటించి తెచ్చిన కానుకను 'ఇది ఎక్కడిది?' అని ఎలా అడగడం?

అప్పుడు నాకు తోబీతు గుర్తుకు వచ్చాడు. చూపు పోయి ఇంట కూర్చున్న తోబీతుకు మేకపిల్ల అరుపు వినిపిస్తుంది. భార్య అన్నా నేతపని చేసి ఇల్లు గడుపుతున్నది. పని మెచ్చి యజమానులు కూలికి తోడుగా మేకపిల్లను ఇచ్చారని ఆమె చెబుతుంది. తోబీతు నమ్మడు. దొంగసొత్తేమో, తిరిగి ఇచ్చివేయమని పట్టుబడతాడు. ఆమె మనసు విరిగి, నీ పుణ్యకార్యాలు ఏమైనాయని నిలదీస్తుంది. ఇక్కడ మనం రెండు విషయాలు గమనించాలి. ఇంట్లోకి వచ్చిన వస్తువు ఎక్కడిదని అడగడం తోబీతు చేసిన మంచిపని. కాని జవాబు వినకుండానే తీర్పు చెప్పడం అతని తప్పు. అన్నా నిర్దోషి. అడగవలసినదే, కాని అవమానించకుండా అడగాలి.

మరుసటి ఆదివారం ఆ తల్లిని మెల్లగా అడిగాను. ఆమె ఏమీ దాచలేదు. "నేలమీద పడి ఉన్నవే కదా ఫాదర్‌గారూ! వాడు ఎవరి జేబులోనుంచైనా తీశాడా? మన ఊళ్లో పొలం కోశాక పరిగె ఏరుకోమూ?" అన్నారు.

ప్రియ పాఠకులారా, ఇది తేలికగా కొట్టిపారేయదగ్గ మాట కాదు. పరిగె ఏరుకోవడం దేవుడు పేదలకిచ్చిన హక్కు. పొలం అంచుల వరకు కోయవద్దని, రాలిన కంకులను ఏరవద్దని, వాటిని పేదలకు, పరదేశులకు వదలివేయమని లేవీయకాండము 19వ అధ్యాయం ఆజ్ఞాపిస్తున్నది. రూతమ్మ బోవసు పొలంలో ఏరుకున్నది ఆ హక్కుతోనే. అయితే పరిగె ఎప్పుడు పరిగె అవుతుంది? యజమాని వదలివేసినప్పుడు. కుప్ప నూర్చకముందే కళ్లంలో గింజలు ఎత్తుకుపోతే దాన్ని పరిగె అంటామా? సాయంత్రం బండి వేసుకుని వచ్చి ఏరుకోబోతున్న బంతి యజమాని వదలిన బంతి కాదు. అది నేలమీద ఉన్నా యజమాని చేతిలో ఉన్నట్లే.

పునీత తోమాసు అక్వీనాసువారు ఈ భేదాన్ని చక్కగా వివరించారు. దొరికిన వస్తువులన్నీ ఒక జాతివి కావంటారు ఆయన. సముద్రతీరాన దొరికే రాళ్లవంటివి ఎన్నడూ ఎవరి సొత్తూ కావు, అవి తీసుకున్నవారివే. యజమాని వదలివేశాడని నిజంగా నమ్మి తీసుకుంటే అది దొంగతనం కాదు. యజమాని ఉన్న వస్తువునైతే, తిరిగి ఇచ్చే ఉద్దేశంతో తీసి భద్రపరిస్తే తప్పులేదు. ఉంచుకునే ఉద్దేశంతో తీస్తే దొంగతనమే. నా బల్లమీది మేజోడులో ఈ మూడు రకాలూ ఉన్నాయి. గీత ఉన్న ఎనిమిదింటికి యజమాని ఎవరో అచ్చులోనే ఉంది. గుర్తులేని రెండింటిని ఎవరో పోగొట్టుకుని ఆశ వదలుకున్నారనుకోవచ్చు. ఆకుపచ్చ చుక్కలున్నదాని యజమాని మాత్రం తన బంతిని తాను గుర్తుపట్టాలనే ఆ గుర్తు పెట్టుకున్నాడు.

ఆటలోని ఒక నియమం కూడా మనకు పాఠం చెబుతుంది. బంతి కనబడకపోతే ఆటగాడు మూడు నిమిషాలు వెదకవచ్చు. 2019కి ముందు అది అయిదు నిమిషాలు. ఆ గడువు దాటితే ఆట లెక్కలో బంతి పోయినట్లే. కాని ఆట లెక్కలో పోయినంత మాత్రాన అది అతని సొత్తు కాకుండా పోదు. వెదకడం ఆపడం వేరు, హక్కు వదలుకోవడం వేరు. అదే ఆటలో తనది కాని బంతిని పొరపాటున కొట్టినవాడికి రెండు దెబ్బల శిక్ష వేస్తారు. ఆటలోనే ఇంత పట్టింపు ఉంటే, జీవితంలో ఎంత ఉండాలి?

లోక న్యాయం కూడా ఈ దారిలోనే నడిచింది. 1948లో ఇంగ్లాండులో ఒక గోల్ఫ్ క్లబ్బు స్థలంలోకి అనుమతి లేకుండా ప్రవేశించి, ఆటగాళ్లు పోగొట్టుకున్న బంతులను ఏరుకున్న వ్యక్తి చేసింది దొంగతనమేనని అక్కడి ఉన్నత న్యాయస్థానం నిలబెట్టింది. ఆటగాళ్లు వదలుకున్నా, ఆ స్థలంలో ఉన్న బంతులమీద క్లబ్బుకు హక్కు ఉన్నదని చెప్పింది. మన దేశంలో 1872నాటి కాంట్రాక్టు చట్టం, వస్తువు దొరికి దాన్ని తీసుకున్నవాడు దాన్ని అప్పగింతగా పుచ్చుకున్నవాడిలా జాగ్రత్త చేయాలంటుంది. మన శ్రీసభ ఇంకొక అడుగు ముందుకు వేసింది. చట్టం పట్టుకోకపోయినా సరే, పోయిన వస్తువును తెలిసి ఉంచుకోవడం ఏడవ ఆజ్ఞకు విరుద్ధమని 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం 2409వ పేరాలో బోధిస్తున్నది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చూడండి. దారితప్పిన ఎద్దునో గొర్రెనో చూచి చూడనట్లు పోవద్దని దేవుడు చెబుతున్నాడు. యజమాని ఎవరో తెలియకపోతే ఇంటికి తోలుకొనిపోయి, అతడు వెదకుతూ వచ్చేదాకా కాపాడమంటున్నాడు. మనం సాధారణంగా 'నేను తీయలేదు, నాకెందుకు?' అనుకుని తృప్తిపడతాం. దేవుడు అంతటితో తృప్తిపడడు. పొరుగువాని నష్టాన్ని నీ నష్టంగా చూడమంటాడు.

ఇదంతా నేను నీతిమంతుడినై చెబుతున్నానని అనుకోకండి. పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదువుతున్న రోజుల్లో నాకు ప్రార్థనాలయంలో బెంచీకింద బంగారు రంగు మూత ఉన్న ఫౌంటెన్ పెన్ను దొరికింది. నోటీసు బోర్డుమీద ఒక చీటీ అంటిస్తే సరిపోయేది. రేపు అంటిద్దాం అనుకున్నాను. మరునాడు భోజనశాలలో నాకన్న చిన్న తరగతి తమ్ముడొకడు లేచి, తన తండ్రి ఇచ్చిన పెన్ను పోయిందని, ఎవరికైనా దొరికితే ఇవ్వమని అడిగాడు. నేను కంచంలోనుండి తల ఎత్తలేదు. నీతిశాస్త్రం పరీక్ష ఆ పెన్నుతోనే రాశాను. మంచి మార్కులు వచ్చాయి! ఆ సంవత్సరం చివర అతడు సెమినరీ వదలి వెళ్లిపోయాడు. తరువాత నా మనసు మారి వెదకేసరికి ఆ కుటుంబం ఊరు విడిచింది. పాపసంకీర్తనంలో చెప్పుకుంటే, గురువు క్షమాపణ ఇచ్చి, దాని ఖరీదు పేదలకు ఇవ్వమన్నారు. ఇచ్చాను. కాని తండ్రి ఇచ్చిన పెన్ను ఆ తమ్ముని చేతికి చేరలేదు. తిరిగి ఇవ్వడానికి ఒక కాలం ఉంటుంది. అది దాటిపోతే దేవుడు క్షమిస్తాడు గాని, పోయినది పోయినట్లే ఉంటుంది. ఆ తొమ్మిదేళ్ల బాలుడికి ఇటువంటి జ్ఞాపకం మిగలకూడదనే నేను ఆ తల్లిని అడిగాను.

ఆమె ఆ రాత్రే కొడుకుకు ఫోను చేశారు. మొదట అతడు నవ్వాడట. "అమ్మా, ఆ ఎనిమిదీ కలిపి ఎంత చేస్తాయి? తిరిగి పంపాలంటే పోస్టు ఖర్చే ఎక్కువ" అన్నాడట. పక్కనే వింటున్న పిల్లవాడు, "డాడీ, అవి మనవి కావా? మరి నువ్వు తీసుకోమన్నావు కదా?" అని అడిగాడట. ఆ తరువాత తండ్రి నవ్వలేదు. చూడండి, ఆ బంతి బరువు 46 గ్రాములకు మించదు. కాని ఆ ఇంట్లో తండ్రి మాట బరువు దానిమీద ఆధారపడి ఉంది. స్వల్ప విషయంలో నమ్మదగినవాడే గొప్ప విషయంలో నమ్మదగినవాడని ప్రభువు చెప్పింది అందుకే. పిల్లలకు గొప్ప విషయాలు మనం చూపించలేం. వారు చూసేవన్నీ స్వల్ప విషయాలే.

వచ్చే శనివారం తండ్రీకొడుకులు ఆ మైదానానికి వెళ్లి కౌంటరులో సంగతి చెప్పి, ఎనిమిది బంతుల ఖరీదు కట్టబోయారు. అక్కడి మేనేజరు డబ్బు పుచ్చుకోలేదు. ఇండియాలో గుడి పిల్లలు ఆడుకుంటారంటే ఆ బంతులను వారికే ఇచ్చివేశానని, ఇకమీద కంచె పక్కన దొరికినవి తెచ్చి ఇవ్వమని పిల్లవాడితో అన్నాడట. ఆకుపచ్చ చుక్కల బంతి గురించి కూడా విచారించారు. ఎవరిదో తెలియలేదు. ఆ తల్లి దాని విలువకు తగినంత పునీత అంతోనివారి రొట్టెల పెట్టెలో వేశారు.

ఇప్పుడు మా పిల్లలు సాయంత్రం గుడి ఆవరణలో ఆ బంతులతో ఆడుకుంటున్నారు. అవే బంతులు, అదే ఎర్రగీత. వాటిలో ఏమీ మారలేదు. నిన్న పరాయి సొత్తు, నేడు కానుక. మారింది మనుషుల మధ్య ఉన్న సంబంధం. తిరిగి ఇవ్వడమంటే ఎప్పుడూ వస్తువును మోసుకుపోవడమే కాదు. యజమాని సంతోషంగా ఇస్తే అది న్యాయంగా మనదవుతుంది. అయితే ముందు అడగాలి.

పునీత అగస్తీనువారు ఒక ప్రసంగంలో, తాము మిలాను నగరంలో ఉన్న కాలంలో జరిగిన సంఘటన చెప్పారు. ఒక పంతులు ఇంటి ద్వారం కాచే నిరుపేదకు సుమారు రెండువందల నాణేల సంచి దొరికింది. అతడు అందరూ చూసేచోట ప్రకటన అంటించాడు. పోగొట్టుకున్నవాడు రాగా, సంచి రకం, ముద్ర, నాణేల లెక్క అన్నీ అడిగి చూచి మొత్తం ఇచ్చివేశాడు. యజమాని ఇరవై నాణేలు ఇవ్వబోతే వద్దన్నాడు. పది అన్నా, అయిదు అన్నా వద్దన్నాడు. చివరకు యజమాని కోపగించి, నువ్వేమీ పుచ్చుకోకపోతే నేనూ ఏమీ పోగొట్టుకోలేదని సంచి విసిరేశాడు. అప్పుడు పేదవాడు పుచ్చుకుని, అక్కడికక్కడే అంతా పేదలకు పంచాడు. దొరికినదాన్ని ఇవ్వకుండా ఉంచుకున్నవాడు దోచుకున్నవాడితో సమానమని అగస్తీనువారు ఆ ప్రసంగంలో తేల్చి చెప్పారు.

ప్రియ కుటుంబీకులారా, మన ఇళ్లలో గోల్ఫ్ బంతులు ఉండకపోవచ్చు. బడిసంచిలో తోటి పిల్లవాడి కంపాసు పెట్టె ఉండవచ్చు. కొట్టువాడు పొరపాటున ఎక్కువ ఇచ్చిన చిల్లర ఉండవచ్చు. ఫోనులో ఎవరో తప్పు నంబరుకు పంపిన డబ్బు ఉండవచ్చు. బస్సులో దొరికిన గొడుగు, పొరుగింటివారు కూర పంపిన గిన్నె, గుడినుండి వచ్చిన పాటల పుస్తకం ఉండవచ్చు. ఈ వారం రాత్రి జపమాల ముగిశాక ఇంటిల్లిపాది కూర్చుని, 'మన ఇంట్లో మనది కానిది ఏదైనా ఉందా?' అని ఒకరినొకరు అడగండి. పెద్దలే మొదట జవాబు చెప్పండి. తిట్టకండి, నవ్వకండి. ఉంటే, పిల్లవాడి చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లి ఇప్పించండి. రేపు అనకండి.

తప్పిపోయిన గొర్రెకోసం కొండలెక్కిన కాపరీ, ఏసుప్రభూ! మేమూ దారితప్పి నీకు దొరికినవారమే. నీవు మమ్ము తండ్రికి అప్పగించావు. మా చేతికి దొరికినదాన్ని దాని యజమానికి అప్పగించే నమ్మకమైన మనసును మాకు, మా బిడ్డలకు దయచేయుము. ఆమెన్.