పిడి ఎవరి చేతిలో?

విమానంలోంచి ప్యారాచూట్‌తో దూకడం నేర్చుకోవడం ధైర్యమా, దుడుకుతనమా? ప్రాణం విలువ తెలిసినవాళ్ళు చేయవలసిన పనేనా? అమెరికాలో, ఆస్ట్రేలియాలో చదువుకుంటున్న మన పిల్లలు కొందరు స్కైడైవింగ్ వీడియోలు పంపడం మొదలుపెట్టాక మా అధ్యయన బృందంలో ఈ ప్రశ్న తరచు వస్తోంది. "ఇంత కష్టపడి చదివించింది ఇందుకా?" అని పెద్దవాళ్ళంటారు. "ధైర్యమంటే అదే కదా" అని యువకులంటారు. ఇద్దరూ దూకడాన్నే చూస్తున్నారు. నేర్చుకోవడాన్ని చూడటం లేదని మా అభిప్రాయం.

ఆ వీడియోల్లో ఎక్కువగా కనిపించేది ట్యాండెమ్ జంప్. కొత్తగా వచ్చిన మనిషిని ఇన్‌స్ట్రక్టర్ ఛాతీకి పట్టీలతో బిగిస్తారు. ప్యారాచూట్ ఇద్దరికీ కలిపి ఒక్కటే, అది ఇన్‌స్ట్రక్టర్ వీపు మీద ఉంటుంది. దూకే క్షణాన్ని నిర్ణయించేదీ, భద్రంగా దించే బాధ్యత మోసేదీ ఆయనే. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. కానీ పడవలో ఏరు దాటినవాడికి ఈత వచ్చినట్టు కాదు.

నేర్చుకోదలచినవాళ్ళకు ఎ.ఎఫ్.ఎఫ్. అనే మరో పద్ధతి ఉంది. 1980లలో అమెరికాలో మొదలై చాలా దేశాలకు వ్యాపించింది. ఇందులో విద్యార్థి ప్యారాచూట్ విద్యార్థి వీపు మీదే ఉంటుంది. మొదటి జంపులో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చెరోవైపు పట్టుకుని అతనితో పాటే దూకుతారు. ఎంత ఎత్తులో ఉన్నాడో మణికట్టుకు కట్టిన ఆల్టిమీటర్‌లో విద్యార్థే చూసుకోవాలి. సుమారు 13,000 అడుగుల దగ్గర దూకితే గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పడుతూ, ముప్పావు నిమిషంలో 5,500 అడుగులకు చేరతాడు. అక్కడ పిడి లాగవలసింది అతనే. అతను లాగకపోతే ఇన్‌స్ట్రక్టర్లు లాగుతారు. వాళ్ళకూ వీలుకాక, నేల దగ్గరపడుతున్నా అదే వేగంతో పడుతుంటే రిజర్వు ప్యారాచూట్‌ను తనంతట తానే తెరిచే చిన్న పరికరం ఒకటి ఉంటుంది. ఇన్ని ఏర్పాట్లున్నా పాఠం ఒక్కటే: నీ పిడి నువ్వే లాగాలి. గురువు దారి చూపేవాడే కాని నడిచిపెట్టేవాడు కాదన్న మాట మనకు కొత్త కాదు.

ఇక ధైర్యం సంగతి. 1912 ఫిబ్రవరి 4న పారిస్‌లో ఫ్రాంజ్ రైకెల్ట్ అనే దర్జీ తాను కుట్టిన ప్యారాచూట్ దుస్తులు తొడుక్కుని ఈఫిల్ టవర్ మొదటి అంతస్తు నుంచి, అంటే 57 మీటర్ల ఎత్తు నుంచి దూకాడు. బొమ్మతో పరీక్షించడానికని అనుమతి తీసుకుని తానే ఎక్కాడు. మిత్రులు వద్దన్నారు. అంతకుముందు బొమ్మలతో చేసిన పరీక్షలు విఫలమయ్యాయి. అయినా వినలేదు. ప్యారాచూట్ తెరుచుకోలేదు, అక్కడికక్కడే చనిపోయాడు. ఆయనకు ధైర్యం లేదని ఎవరనగలరు? లేనిది పరీక్షకు తలవంచే గుణం.

1919 ఏప్రిల్ 28న అమెరికాలో లెస్లీ ఇర్విన్ విమానంలోంచి దూకి, కొంతదూరం పడ్డాక తన చేత్తోనే ప్యారాచూట్ తెరిచాడు. పడిపోతున్న మనిషికి స్పృహ ఉండదు, చెయ్యి కదపలేడు అని అప్పట్లో చాలామంది గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకం ఆ రోజు కూలిపోయింది. కానీ ఇర్విన్ దూకింది ఆ ప్యారాచూట్‌ను బొమ్మలతో పరీక్షించి చూసిన తర్వాత. నేల మీద దిగేటప్పుడు మడమ దగ్గర ఎముక విరిగింది, ప్రాణం నిలిచింది. ఇద్దరూ దూకారు. ఒకరు తన నమ్మకాన్ని నమ్మారు, మరొకరు పరీక్షను నమ్మారు.

నేటి శిక్షణ అంతా ఈ రెండో దారిలోనే సాగుతుంది. మొదటి జంపుకు ముందు గంటల తరబడి నేల మీదే పాఠం. బోర్లా పడుకుని, నడుము ముందుకు వంచి, కాళ్ళూ చేతులూ చాపడం మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. గాలిలో మాటలు వినపడవు కాబట్టి చేతి సైగలు నేర్పుతారు. మెయిన్ ప్యారాచూట్ సరిగా తెరుచుకోకపోతే ముందు ఏ పిడి లాగి దాన్ని వదిలించుకోవాలో, తర్వాత ఏ పిడి లాగి రిజర్వు తెరవాలో చేతులకు అలవాటయ్యేదాకా వదలరు. పట్టీలు, పిన్నులు, పిడులు వేసుకునే ముందోసారి, విమానం ఎక్కే ముందోసారి, దూకే ముందోసారి చూస్తారు. అమెరికాలో రిజర్వును లైసెన్సున్న రిగ్గరే మడవాలి. వాడినా వాడకపోయినా 180 రోజులకోసారి విప్పి చూసి మళ్ళీ మడవాలి. మనం అప్రమత్తత అనే గుణానికి ఇంతకన్నా వివరమైన సాధన అరుదు.

2021లో అమెరికాలో 35 లక్షలకు పైగా జంపులు జరిగితే 10 మంది చనిపోయారని అక్కడి ప్యారాచూట్ సంఘం లెక్క. ఆ దేశంలో ఈ ఆటలో పోయే ప్రాణాల్లో చెప్పుకోదగ్గ భాగం ప్యారాచూట్ చక్కగా తెరుచుకున్నాక పోయేవే. చేయి తిరిగినవాళ్ళు నేలకు దగ్గరగా వేగంగా మలుపు తిప్పబోయి నేలను ఢీకొంటారు. భయం ఉన్నచోట జాగ్రత్త ఉంటుంది. "నాకు తెలుసులే" అన్నచోట అది జారిపోతుంది. అందుకే కొత్తవాడి భయాన్ని మేము పిరికితనం అనం.

ఈ శిక్షణలో మాకు అన్నిటికన్నా నచ్చిన నియమం ఒకటుంది. తలుపు దగ్గరికి వచ్చాక కూడా "నేను దూకను" అని విద్యార్థి అనవచ్చు. అతన్ని తోసెయ్యరు. అదే విమానంలో కిందికి తీసుకొస్తారు. అయితే అంతకుముందే అతను ఒక కాగితం మీద సంతకం చేసి ఉంటాడు: ప్రమాదం సంగతి నాకు తెలుసు, దానికి నేను సమ్మతిస్తున్నాను అని. ఇష్టపడి ఒప్పుకున్నవాడికి అన్యాయం జరిగినట్టు కాదన్నది పాత న్యాయసూత్రం. లా కాలేజీలో దానితో పాటే మేము చదువుకున్న కేసు ఇంగ్లండ్‌లో 1891లో తీర్పు వచ్చిన స్మిత్ వర్సెస్ బేకర్. తల మీదుగా క్రేన్ బండరాళ్ళను మోస్తుంటే కింద పనిచేసిన కూలీ అతను. ఒక రాయి మీద పడింది. ప్రమాదం తెలిసీ పనిలో కొనసాగాడు కాబట్టి ఒప్పుకున్నట్టేనని యజమాని వాదించాడు. తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు అని ప్రభువుల సభ తేల్చింది.

"ఇదంతా పొట్ట నిండినవాళ్ళ ఆట" అనే మిత్రులకు మా జవాబు ఇక్కడే ఉంది. ఆట కోసం పైనుంచి దూకేవాడికి రెండు ప్యారాచూట్లు, ఒక యంత్రం, ఇద్దరు మనుషులు, వెనక్కి తిరిగే హక్కు. కూలి కోసం మ్యాన్‌హోల్‌లోకి దిగేవాడికి చాలాచోట్ల ఒక మాస్కు కూడా ఉండదు. వద్దంటే ఆ పూట కూలి పోతుంది. రక్షణ లేకుండా అలా దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా మరణాలు ఆగలేదు. దూకేవాడి భద్రత ఎక్కువైందని మా ఫిర్యాదు కాదు. ఒక మనిషి ప్రాణం కోసం ఎంత శ్రద్ధ పెట్టవచ్చో ఆ ఆట రుజువు చేసింది. ఆటలో సాధ్యమైనది పనిలో సాధ్యం కాదని చెప్పేవాళ్ళను ఇక నమ్మనక్కర్లేదు.

కాబట్టి మీ అమ్మాయో అబ్బాయో "దూకడం నేర్చుకుంటాను" అంటే భయపడి కాదనకండి, మురిసిపోయి సరేననకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. నేర్పేవాళ్ళకు అర్హత ఉందా? రిజర్వును ఎవరు, ఎప్పుడు మడిచారు? ప్యారాచూట్ తెరుచుకోకపోతే నువ్వేం చేస్తావు? తలుపు దగ్గర వద్దనిపిస్తే వద్దనగలవా? వీటికి తడబడకుండా జవాబు చెప్పగలిగితే వాళ్ళకు దుడుకుతనం లేదని తెలుసుకోండి. చెప్పలేకపోతే కోప్పడకండి. నేల మీద ఇంకొన్ని రోజులు నేర్చుకోమనండి.