రెండవ బాణము

వృద్ధులకు మనము చేయు అపచారములలో గొప్పవి కోపముచేత జరుగునవి కావు, ప్రేమచేత జరుగునవి. కోపముచేత చేసిన దానికి పశ్చాత్తాపమైన కలుగును. ప్రేమచేత చేసిన దానికి అదియు కలుగదు. ఏలయన, అది అపచారమని మనకు తోచనే తోచదు. ముదిమియందు కీళ్లను, నడుమును పట్టుకొని ఏండ్ల తరబడి విడువని నొప్పుల విషయమున మన కుటుంబములు నడచుకొను తీరు ఇట్టిదని మేము తలంచుచున్నాము. ఈ మాట పరులను గూర్చి చెప్పుట సులభము. కావున మా యింటినుండియే ప్రారంభింతుము.

మా తల్లిగారికి డెబ్బదియవ యేట మోకాళ్ల నొప్పులు ముదిరినవి. తెల్లవాఱుజామున లేచి వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టుట, తులసికి నీరు పోయుట, వీధి చివరి గుడిదాక నడచి వచ్చుట ఆమె దినచర్య. నొప్పియని ఆమె యొకనాడు మూలిగినంతనే, మహోపకారము చేయుచున్నా మనుకొని, మేము వాని నన్నిటిని మాన్పించితిమి. "నీకేమి తక్కువమ్మా? కూర్చో. అన్నీ నీ దగ్గఱికే వస్తాయి" అంటిమి. నెల కొకసారి మందుల దుకాణమున వైద్యుని చీటీ లేకయే నొప్పి మాత్రలు కొని తెచ్చి, ఆమె దిండుక్రింద పెట్టి, పుత్రధర్మము తీఱినదని బడికి పోయితిమి. ఆఱు నెలలు తిరుగకముందే ఆమె తొడలు సన్నగిల్లినవి. నొప్పి తగ్గలేదు, నడక మాత్రము పోయినది. పాదములు వాచినవి. రక్తపరీక్ష చేయించిన వైద్యుడు మూత్రపిండములు దెబ్బతినుచున్నవని చెప్పి ఆ మాత్రలను మాన్పించెను.

ఆయన పంపగా ఫిజియోథెరపీ నేర్చిన యొక యువతి మా యింటికి వచ్చినది. మోకాళ్లను చూచుటకు ముందే ఆమె మా తల్లిగారి నొక ప్రశ్న యడిగినది: "అమ్మమ్మగారూ, నొప్పి కాస్త తగ్గితే మీరు ముందుగా ఏం చేయాలనుకుంటున్నారు?" మా తల్లిగారు మా వంక చూడకయే, "ముగ్గు పెట్టుకోవాలమ్మా" అనిరి. ఆఱు నెలలలో ఆ ప్రశ్న మా నోట రాలేదు. నొప్పి యెంతయని అడిగితిమి; మాత్ర వేసికొంటివా యని అడిగితిమి. నీ కేమి కావలెనని అడుగలేదు.

పాళీ సుత్తములలో బుద్ధుడు చెప్పినదిగా ఒక దృష్టాంతము కలదు. అవివేకికి శరీరమున ఒక బాణము తగులగా, దుఃఖమను రెండవ బాణము వెంటనే మనస్సును తాకును. వివేకికి మొదటిది మాత్రమే తగులును. ఈ రెండవ బాణమును బాధపడువాడే తనపై వేసికొనునని సామాన్యముగా వ్యాఖ్యానింతురు. అట్లయిన, నిత్యమును ఇతరుల చేతికి లోబడి జీవించు వృద్ధుల విషయ మేమి? వారికి తగులు రెండవ బాణము తఱచుగా మన యమ్ములపొదినుండియే వెడలుచున్నది. "వయసు వచ్చిన తరువాత నొప్పులు రాకుండునా?" అనునది ఒక బాణము. "మనసులో నున్నదే గాని ఒంటిలో నేమియు లేదు" అనునది మఱియొకటి. "కదలక కూర్చుండుము" అనునది వీనిలో మిక్కిలి తియ్యనైనది.

ఇది కేవలము కవిత్వము కాదు. 1965 లో మెల్జాక్, వాల్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పి వార్తలకు ఒక ద్వారము వంటిది కలదనియు, మెదడునుండి వచ్చు ప్రేరణలుకూడ దానిని తెఱచుచు మూయుచు నుండుననియు ప్రతిపాదించిరి. వారి సిద్ధాంతములోని వివరములు కొన్ని పిమ్మట సవరింపబడినవి గాని మూలభావము నిలిచినది. భయము, నిద్రలేమి, ఒంటరితనము నొప్పిని పెంచును. ధైర్యము, చలనము, తోడు దానిని తగ్గించును. మూడు నెలలు మించి నిలిచిన నొప్పి కొన్నియెడల దొంగ పోయిన పిదపగూడ మొఱుగుచుండు కుక్కవంటిది. దొంగ లేడని చెప్పి కుక్క మొఱుగుటయే లేదనుట ఎంత యవివేకము! నొప్పియున్నదని చెప్పినవాని మాటను మన్నింపవలెనని నొప్పిని గూర్చి పరిశోధించు అంతర్జాతీయ సంఘము 2020 లో తన నిర్వచనముతో పాటు ప్రకటించినది.

ఇక చికిత్సల మాట. 2023 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుమునొప్పిని గూర్చి వృద్ధులనుకూడ చేర్చి సూచనలు ప్రకటించినది. రోగికి విషయము బోధించుట, వ్యాయామము, మర్దనవంటి కొన్ని చికిత్సలు, మనస్సునకు సంబంధించిన చికిత్సలు అందు గలవు. నడుమునకు పట్టీలు బిగించుటను, నల్లమందు జాతి మందులను సాధారణముగా వాడుటను అది యంగీకరింపలేదు. మోకాళ్ల యరుగుదల విషయమున అమెరికాలోని కీళ్లవైద్యుల సంఘము 2020 లో గట్టిగా సిఫారసు చేసినవి వ్యాయామము, అధికమైన బరువు తగ్గించుకొనుట, తై చీ యను చీనా దేశపు నెమ్మదియైన కదలికల సాధన, చేతికఱ్ఱ మున్నగునవి. చేతికఱ్ఱను నొప్పిగల కాలికి ఎదుటివైపు చేత పట్టుకొనవలెనని మన యిండ్లలో నెందఱెఱుగుదురు? శరీరపు బరువు ఒక కిలో తగ్గిన, అడుగడుగునకు మోకాలిపై భారము నాలుగు కిలోలు తగ్గును. మనస్సునకు సంబంధించిన చికిత్స యనగా నొప్పి కల్పితమని చెప్పుట కాదు. భయమువలన మానుకొన్న పనులను కొంచెము కొంచెముగా మరల చేపట్టించుట, బాగున్ననాడు మితిమీఱి శ్రమపడి మఱునాడు మంచమెక్కకుండ మితము నేర్పుట.

"ఈ వయసున బలము వచ్చునా?" యని కొందఱనవచ్చును. 1990 లో అమెరికా దేశమున ఒక వృద్ధాశ్రమమునందు తొంబదియేండ్లవారు ఎనిమిది వారములు బరువులెత్తు సాధన చేయగా వారి తొడల బలము ఎంతయో వృద్ధినొందెను. బలము వయస్సుతో తగ్గుట నిజమే; సాధనచే పెరుగుటయు నిజమే. మొదటి సత్యమును మాత్రమే పట్టుకొని దానికి కర్మయని పేరు పెట్టుట మన సోమరితనమునకు శాస్త్రము కట్టుట.

మందును దూషించుట మా యుద్దేశము కాదు. పుట్టకురుపు బాధలో నున్నవారికి తగిన మందు నీయక ధైర్యము బోధించుట క్రౌర్యము. క్రింద పడిన తరువాత వచ్చిన నొప్పి, జ్వరముతో కూడినది, చిక్కిపోవుచుండగా రాత్రులు వేధించునది, కాళ్లు చచ్చుబడుటతోగాని మూత్రము పట్టు తప్పుటతోగాని వచ్చునది వ్యాయామముతో కాలక్షేపము చేయదగినవి కావు; వెంటనే వైద్యునికడకు పోవలెను. అట్టివి కానియెడల మాత్రకు మనము అప్పగించిన పని యేది? అది మేము విచారింపగోరు ధర్మసందేహము. మాత్ర కొనుటకు పది నిమిషములు చాలును. వ్యాయామమునకు ప్రతిదినము అరగంట తోడు కావలెను. మనము ఈయజాలని కాలమునకు మాఱుగా మాత్ర నిచ్చుచున్నాము. తల్లిదండ్రుల పోషణకై 2007 లో వచ్చిన చట్టము కూడు, గుడ్డ, వసతి, వైద్యము ఇప్పింపగలదు. కుమారుని అడుగును తల్లి యడుగుతో కలిపి నడిపింపజాలదు.

ఈ కాలము నిచ్చువా రెవరను ప్రశ్న వచ్చినప్పుడు ఇంటివారందఱు కోడలివైపు చూచుట మన యాచారము. తల్లి ఋణమును భార్య శ్రమతో తీర్చుకొనుట పుత్రధర్మము కాదు. మేమును కొంతకాల మట్లే చేసితిమని ఒప్పుకొనుచున్నాము.

ఇప్పుడు మేము ఉదయమున అరగంట ముందుగా లేచుచున్నాము. మంచముకోళ్ల క్రింద దిమ్మలు పెట్టి ఎత్తు పెంచితిమి. కుర్చీలోనుండి పదిమార్లు లేచి కూర్చుండుట, కాలు చాచి యెత్తి నిలుపుట, వేడినీటి కాపడము, పిదప గుడిదాక నడక. కఱ్ఱ పట్టుటకు మా తల్లిగారు మొదట సిగ్గుపడిరి. ఇప్పుడు మేము మఱచిన వారే అడిగి తీసికొనుచున్నారు. వంగుట కష్టము గనుక అరుగుప్రక్క కుర్చీ వేసికొని అరుగుమీదనే నాలుగు చుక్కల ముగ్గు పెట్టుచున్నారు. నొప్పి పోయినదా యని చదువరు లడుగవచ్చును. మేమును అడిగితిమి. "ఎక్కడికి పోతుందిరా? ఉంది. కాని ముగ్గు దగ్గఱ కూర్చున్నంతసేపు దాని మాట గుర్తుండదు" అనిరి.

మొదటి బాణమును పూర్తిగా పెఱికివేయుట అన్నియెడల వైద్యునికిని సాధ్యము కాకపోవచ్చును. రెండవదానిని వేయక మానుట మన చేతిలోనే యున్నది. నేటి సాయంకాలము చదువరులు తమ యింటి పెద్దలకడ కూర్చుండి, నొప్పి తగ్గిన ఏమి చేయగోరుదురో అడిగి, వచ్చిన యుత్తరమును శ్రద్ధతో వినెదరుగాక.