ఎత్తు ఎవరిది, పేరు ఎవరిది?

బలగాన్ని చదరంగపు బల్ల నడిమి గళ్లకు నడిపించడమే విజ్ఞత అని పంతొమ్మిదవ శతాబ్దపు ఐరోపా ఆటగాళ్ల విశ్వాసం. కలకత్తాలో న్యాయవాది అయిన జాన్ కోక్రేన్ ఆ పద్ధతిలో ఆరితేరినవాడు. చదరంగం ఆయనకు వృత్తి కాదు, వ్యసనం. 1848 నుంచి ఆయనకెదురుగా కూర్చున్నవాడు మహేశ్‌చంద్ర బెనర్జీ అనే వంగదేశపు బ్రాహ్మణుడు. వారి మధ్య వందల ఆటలు సాగాయి.

మన దేశవాళీ ఆటలో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే కదులుతుంది. నడుమను తొందరపడి ఆక్రమించడం అక్కడ సాధ్యం కాదు. ఐరోపా నియమాలతో ఆడేటప్పుడు కూడా మహేశ్‌చంద్ర గుర్రపు బంటును ఒక గడి జరిపి, ఆ ఖాళీలో శకటును నిలిపి, బల్ల నడుమను పక్క నుంచే గురిపెట్టేవాడు. 1855లో కోక్రేన్‌తో ఆయన అలా ప్రారంభించిన ఒక ఆట ఓటమితో ముగిసింది. అయితే ఆ ప్రారంభమే 1922లో వియన్నా ఆటగాడు గ్రున్‌ఫెల్డ్ చేతుల్లో ప్రసిద్ధికెక్కి, ఆయన పేరనే చెలామణి అవుతున్నది. అదే మహేశ్‌చంద్రపై 1848లో కోక్రేన్ చేసిన గుర్రపు బలి 'కోక్రేన్ గాంబిట్' అయింది. మహేశ్‌చంద్ర పద్ధతికి మిగిలింది 'ఇండియన్' అనే దేశనామం మాత్రమే.

ఇది అన్యాయమేనా? నడుమను వదిలి దూరం నుంచి శాసించడం ఎందుకు మేలో 1920లలో రేటీ, నిమ్జోవిచ్ గ్రంథాలు రాసి నిరూపించారు. కారణం చెప్పలేనిది అలవాటే గాని జ్ఞానం కాదనే వాదం బలమైనదే. చెప్పిన కారణమే శిష్యునికి అందుతుంది. కాని రెండు గళ్లు దూకే స్వేచ్ఛను కొత్త నియమాలు ఇచ్చినా, సమర్థుడైన ప్రత్యర్థి ఎదుట ఏళ్ల తరబడి ఒకడు దానిని వదులుకున్నాడంటే, దానిని వట్టి అలవాటనడం తగదు. అది వివేచనే, వాక్యరూపం దాల్చలేదు, అంతే. మన ప్రదర్శనశాలల్లో కంచు విగ్రహాల కింద రాజవంశం పేరు చెక్కి, శిల్పిని విస్మరించడంలోనూ ఇదే లెక్క పనిచేస్తుంది.

మరో చిక్కూ ఉంది. ఆ ఎత్తులు నమోదై లండన్ పత్రికలకెక్కాయి గనుకనే నేడు వాటిని తిరిగి పేర్చి చూడగలుగుతున్నాం. పేరు దక్కనివాని ఆట నిలిచింది పేరు దక్కినవారి కలం వల్లనే. ఆ ముద్రిత పుటల్లో మహేశ్‌చంద్ర పేరు ఒక్కొక్కచోట ఒక్కొక్క వర్ణక్రమంతో కనిపిస్తుంది.