రెండు లక్షల స్పీకర్‌లో సుప్రభాతం

వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చినప్పుడు ఈ వారం వీడియో రావులపాలెంలో తీశాం కదా. అందులో సగంలో వదిలేసిన మాట ఒకటి ఇక్కడ పూర్తి చేస్తాను.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఆ ఊరి అబ్బాయి అడిగాడు. "గురువుగారూ, నాన్నగారికి డెబ్భై దాటాయండి. పొద్దున్నే సుప్రభాతం వినకపోతే ఆయనకి కాఫీ కూడా దిగదు. దేవుడి గదిలో మంచి సౌండ్ సిస్టమ్ పెట్టిద్దామని. రెండు లక్షల దాకా అవుతుందండి. లోన్ తీసుకుంటాను. దేవుడి కోసమే కదా, తప్పా?"

తప్పేం కాదు నాన్నా. కానీ ఆ డబ్బు ఎటు పోతుందో చూద్దాం.

ఇన్నాళ్లూ ఫోన్‌లో విన్నవాడు ఓ ఐదారు వేలు పెట్టి సరైన స్పీకర్ కొంటే తేడా వెంటనే తెలుస్తుంది. మాట విడిగా, మృదంగం విడిగా వినిపిస్తాయి. ముప్పై వేలకి వెళితే ఇంకా బావుంటుంది, నిజమే. ఆ పైన ధర లక్షల్లోకి ఎక్కుతుంది, తేడా మాత్రం చిక్కిపోతూ వస్తుంది. బంగారు పూత వైర్ల దగ్గరికి వచ్చేసరికి, ధర చెప్పకుండా కళ్లు మూసి వినిపిస్తే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. గెలని చూసి ధర కట్టే అరటి మార్కెట్ ఊరండీ మీది. కాడకి బంగారు రేకు చుడితే ఎవరైనా రూపాయి ఎక్కువిస్తారా?

వాట్ల సంగతీ అంతే. 50 వాట్లని 100 చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి "కాస్త పెరిగింది" అనిపిస్తుంది. రెండింతలు గట్టిగా వినిపించాలంటే దాదాపు పది రెట్లు పవర్ కావాలి, అంటే 500 వాట్లు. స్వామి మన చెవిని అలా చేశాడు. ఆకు గలగలనీ ఉరుమునీ ఆ ఒక్క చెవే పట్టాలి మరి.

ఇక పాట. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరిలో వెళ్లిపోయాక ఆయన భగవద్గీత రికార్డు విడుదలైంది. ఆనాటి టేపులో ఎంత పట్టారో అంతే ఉంటుంది. లేనిది ఏ స్పీకరూ పుట్టించలేదు. పైగా ఖరీదైనది ఆ టేపు బుసని కూడా చక్కగా వినిపిస్తుంది!

అసలు ప్రశ్న నాన్నగారి చెవిది. లేత చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. వయసుతో ముందు జారిపోయేవి పై శబ్దాలు. 'స', 'త' లాంటి హల్లులు తేలిపోతాయి, మాట వినబడుతుంది కానీ అర్థం కాదు. "నాన్నగారు టీవీ సౌండ్ పెంచుతున్నారా?" అని అడిగాను. "ఏడాదిగా ఇంట్లో గొడవ అదేనండి, అమ్మకి తలనొప్పి" అన్నాడు. చెవి డాక్టర్‌కి చూపించారా అంటే, లేదు.

ముందు అది చేయించు నాయనా. ఆడియోగ్రామ్ తీయిస్తే ఏ శబ్దం ఎంత తగ్గిందో తెలుస్తుంది. అవసరమైతే మిషన్ పెట్టిస్తారు. దానికి పెట్టే ప్రతి రూపాయీ సుప్రభాతంతో పాటు అమ్మ పిలుపుని కూడా ఆయనకి తిరిగి ఇస్తుంది. తర్వాత ఓ మంచి మామూలు స్పీకర్ చాలు. గది నేల మార్బుల్ అయితే ఓ తివాచీ, కిటికీకి మందపాటి కర్టెన్ వెయ్యి, ప్రతిధ్వని తగ్గుతుంది. సంగీతమే వృత్తిగా ఉన్నవాళ్లు ఖరీదైనవి కొంటే నేను కాదనను, వాళ్లకి అది పనిముట్టు.

యయాతి మహారాజు కొడుకు పూరుడి యవ్వనం తీసుకుని వెయ్యేళ్లు భోగాలు అనుభవించాడు. చివర్న తనే లెక్క చూసుకుని, అనుభవించేకొద్దీ కోరిక పెరుగుతోందే తప్ప తగ్గట్లేదని యవ్వనాన్ని తిరిగి ఇచ్చేశాడు. కొత్త మోడల్ కొన్న వారానికే దాని పై మోడల్ రివ్యూలు చూసేవాళ్లు మనలో ఎందరు?

నవవిధ భక్తుల్లో మొదటిది శ్రవణం. దానికి పెద్దలు చూపించే పేరు పరీక్షిత్తు. గంగ ఒడ్డున, చావుకి ఏడు రోజుల గడువు పెట్టుకుని కూర్చుని, శుకమహర్షి నోటి నుంచి భాగవతం విన్నాడు. అడ్డమైన ప్రశ్నలన్నీ వేశాడు కూడా. వినేవాడు ఎలా ఉండాలో ఆ ప్రశ్నల్లోనే తెలుస్తుంది. వచ్చే శనివారం వీడియోలో వాటినే ఒక్కొక్కటిగా చూద్దాం. అప్పటికి మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒక్కసారి చిన్న గొంతుతో పిలిచి చూడండి.