కనబడని పనియందు కాయక ధర్మము

పని చేయువానికిని, చేయించుకొనువానికిని నడుమ ఎల్లప్పుడును ఒక తెర యుండును. వైద్యుడు గ్రహించినది రోగికి తెలియదు. మేస్త్రీ పునాదిలో వేసినది ఇంటి యజమానికి కనబడదు. ఈ తెర వెనుక జరుగు పనికి కొలత యేది? పుచ్చుకొన్న కూలికి తగినంత చెమటోడ్చిన చాలునా? శ్రమ పెరిగిన కొలది ధర్మమును పెరుగునా? పెద్ద విషయములలో ఇట్టి ప్రశ్నలు వాదములలో చిక్కుపడును. చిన్న విషయమున పరిశీలించినచో తేటపడును. పాత మోటారు సైకిలు క్లచ్ బిగుసుకొని పోవుట అట్టి చిన్న విషయము.

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు దారి క్రమముగా అడవి సీమను చేరును. భద్రాచలము దాటిన పిమ్మట ఒక త్రోవ గోదావరి వెంబడి దుమ్ముగూడెము, చర్ల వైపునకు, మరియొకటి చింతూరు వైపునకు సాగును. వానకాలమున వాగులు పొంగి దారులు తెగినపుడు లోతట్టు పల్లెలలో బండ్లు వారముల తరబడి చూరు క్రింద కదలక నిలుచును. గోదావరియే పొంగిన కొన్ని నీట మునుగును. భద్రాచలము వద్ద నీటిమట్టము 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును చేరినది. ఇట్టి తావున పాత బండి విలాస వస్తువు కాదు. జ్వరపడిన బిడ్డను ఆసుపత్రికి చేర్చునది అదియే. సంతకు సరకు మోయునది అదియే. అది నిలిచిపోయిన ఒక కుటుంబపు కూలి నిలిచిపోవును.

1955లో మద్రాసున స్థాపితమైన ఎన్‌ఫీల్డు సంస్థ నుండి వెలువడిన పాత బుల్లెట్టును ఉదాహరణగా గైకొందము. దానిలో క్లచ్ ఎడమ ప్రక్కన చైను పెట్టెలో, నూనెలో తడియుచు ఉండును. రాపిడి ప్లేట్లు, ఉక్కు ప్లేట్లు ఒకదాని తరువాత ఒకటిగా పేర్చబడి యుండగా, స్ప్రింగులు వానిని అదిమి పట్టును. అదిమి పట్టినంతసేపు ఇంజను బలము గేరుపెట్టెకు, అచ్చట నుండి వెనుక చక్రమునకు చేరును. చేతి పిడి లాగినపుడు కేబుల్ ద్వారా ఒక కడ్డీ కదలి స్ప్రింగుల పట్టును సడలించును. ప్లేట్లు విడివడి ఇంజను వేరు, చక్రము వేరు అగును. బండి చాలకాలము కదలక యున్నచో నూనె జిగురుగా మారి ప్లేట్లను అంటించును. తేమ చేరిన ఉక్కు ప్లేట్లు త్రుప్పుపట్టును. అప్పుడు పిడి లాగినను ప్లేట్లు విడివడవు. ఆ స్థితిలో ఇంజను నడుచుచుండగా గేరు వేసిన, బండి ఒక్కుమ్మడిగా ముందుకు ఉరుకును. ఎదుట మనిషియున్నను, వాగు గట్టున్నను అది ఎరుగదు.

అట్టి బండి మరమ్మతుకు వచ్చినపుడు మెకానిక్కు ముందు మూడు మార్గములు కలవు. మొదటిది, ఇంజను నడుచుచుండగనే బలవంతముగా గేరులోనికి త్రోసి, బ్రేకు నొక్కి, ఆ కుదుపుతో ప్లేట్లను విడదీయుట. ఇది నిమిషములలో ముగియును. కాని ఆ దెబ్బ చైనుపైనను, గేరు పండ్లపైనను పడును. రెండవది, పెట్టె విప్పి, ప్లేట్ల స్థితిని చూడకయే అన్నిటిని మార్చి, క్రొత్తవాని వెల పుచ్చుకొనుట. మూడవది, చేయి వేయుటకు ముందు కారణమును వెదకుట.

కారణమును వెదకువాడు మొదట బండి యజమానిని ప్రశ్నించును. ఎన్నినాళ్లు నిలిచినది? నీట మునిగినదా? నిలిచినంత మాత్రమే అయినచో, కేబుల్ సరిగానున్నదో లేదో చూచి, ఇంజను నడపకయే పిడి లాగి పట్టి కిక్కు త్రొక్కును. ప్లేట్లు విడివడినవైన కిక్కు ఇంజనును త్రిప్పక దిగును. అంటుకొని యున్న ఇంజనును త్రిప్పును. పలుమార్లు అట్లు త్రొక్కుటవలననే ప్లేట్లు విడివడుట కలదు. లేనిచో గేరు వేసి, పిడి పట్టి, బండిని ముందునకు వెనుకకు ఊపి చూచును. అప్పటికిని విడివడకున్న పెట్టె విప్పును. ప్లేట్ల నడుమ స్క్రూడ్రైవరు దూర్చి పెకలింపడు. అట్లు చేసిన ప్లేటు వంగును, రాపిడి పొర చిట్లును. ఒక్కొక్కదానిని మెల్లగా వేరుచేసి కిరసనాయిలుతో కడిగి, ఉక్కు ప్లేట్ల త్రుప్పును ఎమరీ కాగితముతో తీసి, గాజు పలకపై పెట్టి వంకర యున్నదేమో పరీక్షించును. అరిగినదానిని మార్చును, అరగనిదానిని తిరిగి పెట్టును. స్ప్రింగులను సమముగా బిగించును.

ఇచ్చట ఒక సందేహము కలుగును. మూడవవాడు ఒకనాడు పది నిమిషములలో కిక్కు త్రొక్కి పంపివేయును, మరియొకనాడు పూటంతయు కూర్చుండి ప్లేట్లు కడుగును. ఈ రెంటిలో ఏది ధర్మము? రెండును ధర్మమే. ఊరక నిలిచినందున అంటుకొనిన ప్లేట్లకు పెట్టె విప్పుట అనవసరము. విప్పి కూలి పుచ్చుకొనుట అన్యాయము. వరదలో మునిగిన బండిని విప్పక, కుదిపి పంపుట అంతకు మించిన అన్యాయము. పెట్టెలో నీరు కలిసి పాలవలె తెల్లబారిన నూనెయు, ఒండ్రును అట్లే మిగిలిపోవును. అంగడి ముందు చక్కగా కదలిన బండి అడవి నడుమ చీకటివేళ మరల బిగియవచ్చును. కావున పని యొక్క సత్యము శ్రమ పరిమాణమున లేదు. కారణమును తెలిసికొనుటయందును, తెలిసినదానికి తగినంతయే చేయుటయందును కలదు.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులు నానావృత్తులవారు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజలు ఏరి జీవించినవాడు. ఒకనాడు ఆయన ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెనని, భార్య లక్కమ్మ అది గ్రహించి, మిగులును తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెనని సంప్రదాయము చెప్పును. ఆ బియ్యము దొంగిలించినది కాదు. జంగమ దాసోహమునకే తెచ్చినది. అయినను అవసరమునకు మించినది కాయకమును మలినపరచునని ఆ తల్లి తలచినది. మంచి ప్లేటును తీసి మూల పడవేసి, క్రొత్తదాని వెల పుచ్చుకొనువాడు ఈ కథను ఒకసారి తలచుకొనదగును. నులియ చందయ్య త్రాళ్లు పేనినవాడు. త్రాటిలోని బలహీనత కొనువానికి కనబడదు. బరువు పడిన దినమున బయటపడును. లోపలి పురిని సరిగా పేనువాడు, ఎవ్వరును చూడని చోట చూచినట్లే పని చేయువాడు.

కొందరు ఇట్లందురు: బండివానికి క్లచ్ సంగతి చెప్పిన ఏమి తెలియును? బాగైన చాలునని అతడే కోరును గదా? మెకానిక్కు కూడ అంగడి అద్దె కట్టవలెను గదా? ఈ మాటలలో కొంత నిజము లేకపోలేదు. మెకానిక్కు బీదరికము నిజము. అతని నేర్పునకు తగిన వెల ఇయ్యక బేరమాడుట బండివాని తప్పు. పది నిమిషములలో బాగుచేసినవానికి పది నిమిషముల కూలియే చాలుననుట కూడ న్యాయము కాదు. ఆ పది నిమిషముల వెనుక ఏండ్ల అనుభవము కలదు. కాని తెలియనివానికి చెప్పుట వ్యర్థమనుట సరికాదు. తెలియనందుననే చెప్పవలసియున్నది. తీసిన ప్లేట్లను గోనె పట్టాపై వరుసగా పెట్టి, ఇది అరిగినది, ఇది మంచిది అని చూపుటకు ఎంతసేపు పట్టును? మార్చిన పాత ప్లేటును యజమాని చేతికి తిరిగి ఇచ్చినంతనే తెర సగము తొలగును. కూలి ఎక్కువైనను అతడు గొణగడు; ఏల యైనదో అతనికి తెలిసినది.

మరియొక లాభము కలదు. అంగళ్లలో స్పానర్లు అందించుచు పని నేర్చు కుర్రవాడు గురువు చేతులనే గాక మాటలను కూడ చూచును. చూడకయే మార్చుమని చెప్పిన గురువు నుండి అతడు మోసమును నేర్చును. కారణము వెదకి చెప్పు గురువు నుండి విద్యను నేర్చును. విద్యయు, సత్యమును అతనికి రెండు పాఠములుగా రావు. ప్లేటును గాజుపై పెట్టి చూచుటతోనే రెండును వచ్చును.

బండి బాగైన పిమ్మట యజమాని చేయవలసినదియు కొంత కలదు. వానకాలమున దారి లేకున్నను అప్పుడప్పుడు పిడి లాగి నాలుగుమార్లు కిక్కు త్రొక్కవలెను. నీట మునిగినచో ఇంజను నడుపక, మునిగినదని దాచక మెకానిక్కుకు చెప్పవలెను. బండివాడు ఉన్నది చెప్పి, మెకానిక్కు చూచినది చెప్పినచో, ఆ మరమ్మతు ఇరువురకును కాయకమగును.